పని జరిపించు ఉత్తరము

(సిరికొండలో గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నేటి ప్రసంగమునకు మేము ఎన్నుకొన్న విషయము చిన్నది. ఉత్తరము వ్రాయుట. మురుగు కాలువలు, రోడ్లు, నర్సరీలు మున్నగు పెద్ద పనులుండగా ఉత్తరమును గూర్చి ఒక పూట గడుపుట యేల యని మీలో కొందరికి తోచవచ్చును. ఆ పెద్ద పనులలో ఏ యొక్కటియు ఉత్తరము లేక కదలదని మీకు ఎరుకయే. అంతకంటె ముఖ్యమైన సంగతి మరియొకటి కలదు. గడ్కోలులో గాని, తూంపల్లిలో గాని, రావుట్లలో గాని ఒక ఇంట కష్టము వచ్చినప్పుడు ఆ ఇంటివారు ముందుగా వచ్చునది వార్డు సభ్యుని గడపకే. "అన్నా, ఒక దరఖాస్తు రాసిపెట్టరాదే" అందురు. బీడీల పి.ఎఫ్. చేతికి రాలేదని ఒకరు, దుబాయిలో ఉన్న కొడుకు ఫోను ఎత్తుట లేదని ఒకరు, డిగ్రీ చదివిన బిడ్డకు ఉద్యోగపు కాగితము కావలెనని మరియొకరు. ఆ కాగితము సరిగా వ్రాసినచో పని మొదలగును. సరిగా వ్రాయనిచో అది ఏ బల్ల మీద ఆగినదో తెలిసికొనుటకే ఆరు నెలలు పట్టును.

మన ప్రాంతమున కాగితమునకు గల భయము ఊరక పుట్టినది కాదు. 1948 సెప్టెంబరు వరకు మన జిల్లా నిజాం పాలనలో ఉండెను. కచ్చేరీ భాష ఉర్దూ. రైతు మాటలాడునది తెలుగు. అతని అర్జీ ఉండునది ఉర్దూలో. తాను చదువుకొనలేని కాగితముపై వేలిముద్ర వేసి, వ్రాసినవానికి రుసుము చెల్లించి, అందులో తన మాటయే ఉన్నదో లేదో తెలియకయే కచ్చేరీ మెట్లెక్కెడివాడు. 1937లో నిజామాబాదు పట్టణమున మందుముల నరసింగరావు గారి అధ్యక్షతన ఆరవ ఆంధ్రమహాసభ జరిగినది. బడులలో మాతృభాష ఉండవలెనని ఆ ఉద్యమము కోరుటకు ఈ అవస్థయు ఒక కారణము. 1966లో ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టము వచ్చినది. 2017 నుండి తెలంగాణ రాష్ట్రమంతటను ఉర్దూ రెండవ అధికార భాషయైనది. కావున నేడు మన ఊరివారు తమ ఇంటి భాషలోనే ప్రభుత్వమునకు వ్రాసుకొనవచ్చును.

ఆ కాలము పోయినను దాని మాటలు మన నోట మిగిలినవి. అర్జీ, దరఖాస్తు, నకలు, రసీదు, మొహరు, మిసిలు. ఇవి పనికివచ్చు మాటలు. వీనిని విడువ నక్కరలేదు. విడువవలసినది ఆనాటి వినయము. అధికారి బిరుదులతో నాలుగు పంక్తులు, తన దైన్యముతో మరి నాలుగు పంక్తులు నింపి, అసలు సంగతిని కాగితపు అడుగున రెండు పంక్తులలో ఇరికించు అలవాటు ఇంకను పోలేదు. "గౌరవనీయులైన తహశీల్దారు గారికి" అన్నచో మర్యాద పూర్తియైనది. అధికారి ప్రభువు కాడు, మనము బంట్లము కాము.

ఉత్తరము వ్రాయుటకు కూర్చుండునపుడు మనస్సున నిలుపవలసిన సంగతి ఒక్కటియే. దీనిని చదువువాడు మనలను ఎరుగడు, మన ఊరిని చూడలేదు, మన వెనుక నిలిచి వివరము చెప్పుటకు మనకు అవకాశము లేదు. అతని బల్ల మీద ఆనాడు కట్టల కొలది కాగితములున్నవి. మన కాగితము చేతికి వచ్చిన నిమిషమున అతనికి మూడు ప్రశ్నలు పుట్టును: ఇది ఎవరి పని, జరిగినదేమి, నన్ను చేయుమనునదేమి? ఈ మూడింటికి జవాబు మొదటి చూపుననే దొరకినచో అతడు కలము తీయును. దొరకనిచో కాగితమును ప్రక్కన పెట్టును. అతడు చెడ్డవాడు కానక్కరలేదు.

మేము చూచిన ఒక అర్జీని గూర్చి చెప్పెదము. ఊరి పేరు చెప్పము. "మా గ్రామములో కల్వర్టు శిథిలమై ప్రజలు తీవ్ర ఇబ్బందులు పడుచున్నారు. పలుమార్లు విన్నవించినను ఫలితము లేదు. తక్షణమే తగు చర్య తీసుకొనవలెనని ప్రార్థన." క్రింద సంతకములు ముప్పది వరకు ఉండెను. ప్రతి మాటయు నిజమే. అయినను ఆ కాగితముతో ఎవరును ఏమియు చేయలేరు. ఏ కల్వర్టు? ఆ దారి పంచాయతీదా, పంచాయతీరాజ్ ఇంజనీరింగు శాఖదా, రోడ్లు భవనముల శాఖదా? కూలినది ఎప్పుడు? పలుమార్లు అనగా ఏ తేదీలలో, ఎవరికి? అన్నింటి కంటె చిక్కైనది "తగు చర్య" యను మాట. తగు చర్య అడిగినవారికి తగు చర్యయే లభించును. అనగా "తగు చర్య నిమిత్తము పంపడమైనది" అను ముద్రతో ఆ కాగితము మరియొక కార్యాలయమునకు పోవును.

దానినే ఇట్లు వ్రాసి చూడుడు. తేదీలు, లెక్కలు ఉదాహరణకు మాత్రమే. పైన "మండల పంచాయతీరాజ్ సహాయ ఇంజనీరు గారికి" అని చిరునామా. దాని క్రింద: "విషయము: ఫలానా గ్రామము నుండి ఫలానా గ్రామమునకు పోవు పంచాయతీరాజ్ రోడ్డుపై, ప్రాథమిక పాఠశాల దాటిన పిమ్మట ఉన్న పైపు కల్వర్టు జూలై 14 నాటి వరదకు కూలుట, తాత్కాలికముగా పైపులు వేయించుట, కొత్త కల్వర్టుకు అంచనా తయారు చేయించుట." పిదప: "ఈ దారిన ప్రతి దినము బడికి పోవు పిల్లలు అరువదిమంది, ఆర్టీసీ బస్సు రెండు పర్యాయములు. కల్వర్టు కూలిన నాటి నుండి బస్సు ఊరి బయటనే ఆగుచున్నది. జూలై 16న, ఆగస్టు 2న మీ కార్యాలయమున అర్జీలు ఇచ్చితిమి. రసీదు నకళ్లు జతపరచితిమి. మీరు స్థలమును చూచి అంచనా పంపవలెనని కోరుచున్నాము. మీరు వచ్చు దినము తెలిపినచో పంచాయతీ కార్యదర్శియు, వార్డు సభ్యుడును స్థలము వద్ద ఉందురు." సంతకము, హోదా, ఫోను నంబరు, జతపరచిన కాగితముల వరుస. ఒక్క పుట. ఇందులో "తీవ్ర" యను మాట ఎక్కడను లేదు. బస్సు ఊరి బయట ఆగుచున్నదని చెప్పిన తరువాత దాని అవసరమును లేదు.

ఒక ఉత్తరమున ఒక్క విషయమే ఉండవలెను. కల్వర్టు, నల్లా నీరు, పింఛను మూడింటిని ఒకే కాగితమున వ్రాసినచో అది మూడు శాఖలకు పోవునని కొందరి ఆశ. అది మొదట చేరిన శాఖలోనే ఉండిపోవును. మిగిలిన రెండు శాఖలవారు దానిని చూడనైన చూడరు. మూడు కాగితముల ఖర్చు ఎంత?

ఇక పేర్ల సంగతి. ఇది చెప్పుటకు చిన్నదిగా ఉండును గాని మన మండలమున దీని వలన నష్టపోయిన ఇండ్లు చాల ఉన్నవి. మన ఆడపడుచులు ఏండ్ల తరబడి బీడీలు చుట్టుదురు. పి.ఎఫ్. సొమ్ము తీసికొనవలసిన నాడు కంపెనీ పుస్తకమున ఒక పేరు, ఆధారు కార్డున మరియొక పేరు, బ్యాంకు పుస్తకమున వేరొక పేరు తేలును. ఒకచోట పుట్టినింటి పేరు, ఒకచోట మెట్టినింటి పేరు. ఒకచోట పుట్టిన తేదీ, ఒకచోట సంవత్సరము మాత్రమే. ఇట్టి చోట "నా డబ్బు ఇప్పింపుడు" అని పది దరఖాస్తులు పెట్టినను ఫలితముండదు, అడుగవలసినది అది కాదు గనుక. మొదట వ్రాయవలసినది పేరు సవరణకు. యజమానియు, కార్మికురాలును కలిసి ఇచ్చు ఉమ్మడి ప్రకటన, దానికి తోడుగా ఆధారు మున్నగు పత్రముల నకళ్లు. ఆ పిమ్మట సొమ్ముకై దరఖాస్తు. ఎవరి కొరకు ఏ కాగితము వ్రాసినను ముందుగా వారి కార్డులన్నియు ఎదుట పెట్టుకొని, అక్షరము అక్షరము సరిచూడుడు. తేడా ఉన్నచో దాచవద్దు. "పై రెండు పేర్లును నావే" యని ఉత్తరములోనే చెప్పి ఆధారము జతపరచుడు.

వ్రాసిన ఉత్తరము ఇచ్చినంతట పని తీరదు. అది ముట్టినదను గుర్తు మన చేతిలో ఉండవలెను. రెండు ప్రతులు తీసికొని పోయి, ఒకటి ఇచ్చి, రెండవదానిపై తేదీతో మొహరు వేయించుకొనుడు. సోమవారము కలెక్టరు కార్యాలయమున జరుగు ప్రజావాణిలో ఇచ్చినచో రసీదు అడిగి తీసికొనుడు. తపాలాలో పంపువారు ఒక మార్పును గమనింపవలెను. పూర్వము మనము రిజిస్టరు ఉత్తరము అనుచుంటిమి. 2025లో ఆ సేవ స్పీడ్ పోస్టులో కలిసిపోయినది. స్పీడ్ పోస్టు రసీదుపై ఉన్న నంబరుతో ఉత్తరము ఎక్కడి వరకు పోయినదో ఫోనులోనే చూడవచ్చును. ఆ రసీదును ఉత్తరపు నకలుకు కుట్టి ఉంచుడు. జేబులో పెట్టుకొన్నచో ఉతుకులో పోవును.

నెల గడచినను జవాబు లేనిచో మరల అదే అర్జీ వ్రాయుట మనవారి అలవాటు. దానికంటె మంచి దారి కలదు. 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద ఆ కార్యాలయపు పౌర సమాచార అధికారికి వ్రాయుడు. ఇచ్చట ప్రశ్న వేయు తీరులోనే అంతయు ఉన్నది. "మా పని ఏల చేయలేదు?" అని అడిగినచో జవాబు రాకపోవచ్చును, చట్టము ఇప్పించునది రికార్డులో ఉన్న సమాచారమే గాని సంజాయిషీ కాదు. "ఫలానా తేదీన, ఫలానా నంబరుతో మీకు ముట్టిన మా అర్జీపై నేటి వరకు వ్రాయబడిన నోట్ల నకళ్లు, ఇప్పుడు ఆ మిసిలు ఉన్న అధికారి హోదా తెలుపగోరుచున్నాము" అని అడుగుడు. ముప్పది దినములలో జవాబు రావలెను. రానిచో ఆ తరువాత ముప్పది దినములలోపల అదే కార్యాలయపు పై అధికారికి మొదటి అప్పీలు చేసికొనవచ్చును. రుసుము మన రాష్ట్రమున గ్రామ స్థాయిలో లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువ ఉన్నవారికి అదియును లేదు. వ్రాయలేనివారు నోట చెప్పినచో దానిని కాగితముపై పెట్టుటకు తోడ్పడవలసిన బాధ్యత ఆ అధికారిదే. ఈ మాట గుర్తుంచుకొనుడు, ఏలయన గ్రామ పంచాయతీకి కూడ ఇట్టి దరఖాస్తులు వచ్చును.

వ్యాపార ఉత్తరములను గూర్చి కొంత చెప్పెదము. పంచాయతీ కూడ కొనుగోలు చేయు సంస్థయే. 2019లో పల్లె ప్రగతి మొదలైన పిమ్మట పంచాయతీలకు ట్రాక్టర్లు వచ్చినవి. వీధి దీపములు, బ్లీచింగు పొడి, ట్రాక్టరు విడిభాగములు కొనక తప్పదు. "యాభై బల్బులు పంపుడు" అని ఫోనులో చెప్పి, వచ్చినవి నెలకే ఆరిపోయిన పిమ్మట దుకాణదారునితో వాదులాడుట మనము చూచుచునే ఉన్నాము. ఆర్డరు కాగితముపై ఉండవలెను: ఎన్ని, ఎన్ని వాట్లు, ఏ గుర్తు, ఐ.ఎస్.ఐ. ముద్ర ఉన్నదా, ఒక్కొక్కటి ఎంత, ఆ ధరలో జి.ఎస్.టి. కలిసినదా, రవాణా ఎవరిది, పంచాయతీ కార్యాలయమునకు ఏ తేదీలోపల చేర్చవలెను, ఎంతకాలము గ్యారంటీ, పైకము ఎప్పుడు. ఫిర్యాదు వ్రాయునపుడు బిల్లు నంబరు, తేదీ, ఏ స్తంభములపై ఎన్ని దీపములు ఏ దినముల ఆరినవో వ్రాసి, "ఈ పన్నెండు దీపములు కార్యాలయమున భద్రముగా ఉన్నవి, పదిహేను దినములలో మార్చి ఈయవలెను" అని ముగించుడు. "మీరు మోసగాండ్రు" అన్న మాట చేర్చినచో దుకాణదారుడు దీపములను గూర్చి కాక ఆ మాటను గూర్చియే జవాబు వ్రాయును.

ఇచ్చట ఒక హెచ్చరిక. పంచాయతీ పేరు ముద్రించిన కాగితము, పంచాయతీ మొహరు ఎవరి సొంతమును కావు. తీర్మానము లేక వార్డు సభ్యుడు పంచాయతీ పేర ఆర్డరు ఇయ్యరాదు. బావమరిది ఉద్యోగమునకు పంచాయతీ కాగితముపై సిఫారసు వ్రాయుటయు తగదు. ఊరివారి పక్షమున వ్రాయునపుడు తీర్మానపు నంబరు, తేదీ ఉత్తరములో ఉండనిండు. ఆ రెండు అంకెలు ముప్పది సంతకముల కంటె బలమైనవి.

చెరకు రైతుల ఉత్తరములు వేరొక తరగతివి. బోధన్ ప్రాంతమున చెరకు ఎంత ఆశతో నాటిరో, బకాయిల కొరకు ఎన్ని సార్లు తిరిగిరో మీలో పెద్దలకు తెలియును. శక్కర్‌నగర్ కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడినది. ఇప్పుడు చెరకు వేయువారు దూరపు కర్మాగారములకు తోలుచున్నారు. దూరమైన కొలది కాగితముపై ఆధారపడవలసినది హెచ్చును. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారము చెరకు అప్పగించిన 14 దినములలో పైకము చెల్లింపవలెను. ఆలస్యమైనచో ఏడాదికి నూటికి 15 చొప్పున వడ్డీ. అనగా లక్ష రూపాయల బాకీపై నెలకు 1,250 రూపాయలు. అయితే ఈ వడ్డీని అడిగిన ఉత్తరములు మేము చాల తక్కువగా చూచితిమి. "మా బిల్లులు ఇప్పించి ఆదుకొనుడు" అనుటయే ఎక్కువ. ఆదుకొనుట యేమి? అది బాకీ. తూకపు చీటీ నంబరు, తేదీ, టన్నులు, ధర, రావలసిన సొమ్ము, పదునాలుగవ దినము ఎప్పుడు గడచినది, నేటికి వడ్డీ ఎంత, ఇవి ఒక చిన్న పట్టికగా వ్రాసి యాజమాన్యమునకు ఒకటి, చెరకు కమిషనరు కార్యాలయమునకు ఒకటి పంపుడు.

ఇక ఉద్యోగపు దరఖాస్తు. ప్రభుత్వ నియామకములకు దరఖాస్తు నమూనా వారే ఇచ్చెదరు. దానిలో గడులు నింపుటయే మన పని. ప్రైవేటు పాఠశాల, ఆసుపత్రి, మిల్లు, కర్మాగారము, దుకాణము, వీనికి బయోడేటాతో పాటు ఒక ఉత్తరము పంపవలసి ఉండును. దీనినే కవరింగు లెటరు అందురు. మన పిల్లలు దీనిని లాంఛనముగా తలచి, ఎవరిదో చూచి దింపుదురు. నేడు ఫోనులో అడిగినచో యంత్రమే నిమిషములో వ్రాసి ఇచ్చుచున్నది. తప్పులు దిద్దుకొనుటకు అది మంచిదే. కాని ఆ పిల్లవాడు ఏమి చేయగలడో యంత్రమునకు తెలియదు. వానిని చూచినవారికే తెలియును. నూరుగురు ఒకే యంత్రమును అడిగినచో నూరు ఉత్తరములును ఒకే పోలికతో యజమాని చేతికి చేరును.

బయోడేటా చెప్పునది "నేనెవరు" అని. ఉత్తరము చెప్పవలసినది "మీ పనికి నేనెట్లు సరిపోదును" అని. ఒక ఉదాహరణము చూడుడు. శక్కర్‌నగర్ మూతపడిన నాటికి నలువదేండ్లు దాటని కార్మికులు అనేకులు ఉండిరి. 1930లలో స్థాపింపబడి, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరొందిన కర్మాగారమున పని నేర్చినవారు. 2002లో దాని వాటాలలో అధిక భాగము ప్రైవేటు వారికి పోయినది, తరువాత మూత పడినది. తెరిపించుటను పరిశీలించుటకు 2024లో ప్రభుత్వము సంఘమును కూడ నియమించినది. అది యట్లుండనిండు. అట్టి కార్మికుడు వేరొక కర్మాగారమునకు "నాకు చక్కెర కర్మాగారమున చాల అనుభవము కలదు, కష్టపడి పనిచేయుదును" అని వ్రాసినాడనుకొనుడు. చదువువానికి ఏమి తెలిసినది? ఏమియు తెలియలేదు. అతడే ఇట్లు వ్రాసినచో:

"మీ పాన్ హౌసునందు పనివారు కావలెనని ఫలానా తేదీ పత్రికలో చూచితిని. నేను బోధన్ శక్కర్‌నగర్ కర్మాగారమున 2003 నుండి 2015 వరకు పన్నెండు సీజనులు పాన్ హౌసులో పనిచేసితిని. మొదటి నాలుగు సీజనులు సహాయకుడుగను, తరువాత పాన్‌మన్‌గను ఉంటిని. వాక్యూమ్ పాన్‌లో పాకమును చిక్కబరచి గింజ కట్టించుట, గింజ సమముగా పెరుగునట్లు చూచుట, షిఫ్టు పుస్తకము వ్రాయుట నా పనులు. 2016 నుండి సొంత వ్యవసాయము చేయుచున్నాను. సర్వీసు ధ్రువపత్రపు నకలు జతపరచితిని. పిలిచినచో ఒక షిఫ్టు పనిచేసి చూపగలను."

ఇంతే. చదివినవానికి ఆ మనిషి కనబడినాడు. సర్వీసు కాలమున ఉన్న ఖాళీని అతడు దాచలేదు. ఒక వాక్యములో చెప్పి దాటినాడు. దాచినచో అదే మొదటి ప్రశ్న అగును. బాయిలరు వద్ద పనిచేసినవాడు బాయిలరు అటెండెంటు ధ్రువపత్రము ఏ తరగతిదో, ఏ సంవత్సరపుదో మొదటి పంక్తులలోనే వ్రాయవలెను. దానిని బయోడేటా అడుగున పడవేయుట తగదు. ఏలయన అది లేనివానిని ఆ పనిలో పెట్టుకొనుటకు యజమానికి వీలులేదు.

అనుభవము లేని పిల్లలు ఏమి వ్రాయవలెనని అడుగుదురు. బి.కాం. చదివిన ఒక ఆడపిల్ల నిజామాబాదులో పసుపు వ్యాపారి వద్ద లెక్కల పనికి వ్రాయుచున్నదనుకొనుడు. 2025లో జాతీయ పసుపు బోర్డు నిజామాబాదు కేంద్రముగా ఏర్పడిన పిమ్మట ఇట్టి ఆలోచన చేయు పిల్లలు మన ఊళ్లలో కనబడుచున్నారు. ఆమె "అనుభవము లేదు" అని వ్రాయును. అమ్మా, మీ వాడలో మహిళా సంఘము పుస్తకములు వ్రాసినదెవరు అని అడిగినచో, "రెండేండ్ల నుండి నేనే" అనును. పదిమంది సభ్యుల పొదుపు, అప్పు, వడ్డీ నెలనెలా వ్రాసి, బ్యాంకు పుస్తకముతో సరిచూచిన పిల్లకు అనుభవము లేదా? అదే ఆమె ఉత్తరమున రెండవ వాక్యము కావలెను. మన పిల్లలకు తాము చేసిన పని పనిగా తోచదు. వారిని కూర్చుండబెట్టి అడుగుట మీవంటి పెద్దలు చేయగల గొప్ప సహాయము.

ఉద్యోగపు ఉత్తరమున ఇంటి పేదరికమును ఏకరువు పెట్టవద్దని మా అభిప్రాయము. "తండ్రి లేని నిరుపేద కుటుంబము, కరుణించి ఉద్యోగమీయుడు" అను వాక్యము చదువుటకు బాధ కలిగించును. ఉద్యోగము మాత్రము ఇప్పింపదు. స్కాలర్‌షిప్పు దరఖాస్తులో ఆ సంగతికి చోటున్నది, ఇచ్చట లేదు. రాని పనిని వచ్చునని వ్రాయుటయు అంతే కీడు. కంపెనీ ఇంగ్లీషులో అడిగినచో ఇంగ్లీషులోనే వ్రాయవలెను, కాని చిన్న చిన్న వాక్యములతో. ఇంటర్వ్యూలో నోటితో చెప్పలేని వాక్యము ఉత్తరమున ఉండరాదు. ఈ-మెయిలులో పంపునపుడు విషయపు గడిలో ఉద్యోగము పేరు, తన పేరు వ్రాయవలెను. జతపరచు ఫైలుకు తన పేరే పెట్టవలెను. "కొత్తది రెండు" అని పేరుతో వచ్చిన ఫైలు ఎవరిదో యజమాని వెదకడు. తన పేరుతో ఒక మర్యాదయైన మెయిలు చిరునామా ఉండవలెను, సినిమా హీరో పేరుతో కాదు. కొందరు ఒకే ఉత్తరమును ఇరువది కంపెనీలకు పంపి, అందులో మొదటి కంపెనీ పేరు మార్చుట మరతురు. అది చదివిన రెండవ కంపెనీ ఏమి చేయునో చెప్పనక్కరలేదు.

గల్ఫు దేశముల సంగతి చెప్పక మన మండలమున ప్రసంగము పూర్తి కాదు. ఇచ్చట మనము వ్రాయు ఉత్తరము కంటె మనకు వచ్చు ఉత్తరమును చదువుట ముఖ్యము. ఆఫరు లెటరు వచ్చినదని ఎవరైన తెచ్చినచో దానిలో యజమాని పేరు, ఊరు, పని, జీతము, పని గంటలు, వసతి, తిరుగు టిక్కెట్టు ఉన్నవా చూడుడు. పంపు ఏజెంటుకు 1983 నాటి వలస చట్టము క్రింద రిజిస్ట్రేషను ఉండవలెను; ఆ నంబరును ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో సరిచూచుకొనవచ్చును. ఏజెంటు తీసికొనదగిన సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై జి.ఎస్.టి. అంతకు మించి అడిగినవానిని రసీదు అడుగుడు. అతడు ఈయకపోవుటయే మీకు జవాబు. విజిట్ వీసాపై పంపి అక్కడ ఉద్యోగపు వీసాగా మార్చెదమను వాగ్దానము కాగితముపై ఉండదు. అడిగి చూడుడు.

అచ్చట చిక్కుపడినవారి కొరకు ఇంటివారు వ్రాయు ఉత్తరము వేరు. దుఃఖములో ఉన్న తల్లి చెప్పునదంతయు వ్రాయుట న్యాయమే అనిపించును, కాని భారత రాయబార కార్యాలయమున చదువువానికి కావలసినవి ఇవి: పాస్‌పోర్టులో ఉన్నట్లుగా పేరు, పాస్‌పోర్టు నంబరు, అక్కడి గుర్తింపు కార్డు నంబరు, యజమాని పేరు, పనిచేయు ఊరు, చివర మాటలాడిన తేదీ, ఆనాడు అతడు చెప్పిన మాట, ఏజెంటు పేరు. సౌదీలో ఆ కార్డును అకామా అందురు. ఈ వివరములతో విదేశాంగ శాఖవారి మదద్ వెబ్‌సైటులో ఫిర్యాదు నమోదు చేసి, వచ్చిన నంబరును కలెక్టరు గారికి ఇచ్చు అర్జీలో ఉదహరింపవలెను. గల్ఫులో మరణించినవారి కుటుంబములకు రాష్ట్ర ప్రభుత్వము 2024లో అయిదు లక్షల రూపాయల సహాయము ప్రకటించినది. వలస అనుమతి పొంది పోయినవారికి ప్రవాసీ భారతీయ బీమా క్రింద పది లక్షల ప్రమాద బీమా కూడ కలదు. ఈ రెండింటికిని కాగితములే ఆధారము. అందువలన ప్రయాణమునకు ముందే పాస్‌పోర్టు, వీసా, ఒప్పందము, బీమా పత్రము నకళ్లు తీయించి ఇంటిలో ఉంచి పొమ్మని పోవువారికి చెప్పుడు. ఫోనులో ఉన్నవి అనుదురు. ఆ ఫోను వారితోనే పోవును.

మీలో కొందరు సగము వ్రాసిన దరఖాస్తులను వెంట తెచ్చితిమని చెప్పిరి. వానిని బయటకు తీయుడు. కార్డుల నకళ్లు ఉన్నవారు ముందు వరుసలోనికి రండు, పి.ఎఫ్. కాగితములతో మొదలు పెట్టుదము.